బోర్లించిన దొన్నె

ఇలా రండర్రా, దగ్గరికి జరిగి కూర్చోండి. ఇంకొంచెం దగ్గరికి. గుమ్మం మీది దీపానికి చెవులు లేవని నాకూ తెలుసు. అయినా గవరమ్మ కథ ఎత్తితే నా గొంతు దానంతటదే తగ్గిపోతుంది.

ఆ గురువారం పొద్దున్న తొమ్మిదింటికి, పార్వతీపురంలో పన్నెండో అంతస్తులో, గవరమ్మ తన గుమ్మంలో నిలబడి వచ్చేవాళ్ళని లోపలికి పిలుస్తోంది. పిలుస్తూ వాళ్ళ ముఖాలు చూడటం లేదు. తల ఎత్తి గుమ్మం పైకి చూస్తోంది. తప్పుపట్టకండి, అప్పట్లో అందరూ అలాగే పిలిచేవారు.

గుమ్మం పైన ఉన్నది వాసనదీపం. కొబ్బరిచిప్పంత గాజుబుడ్డి, దాని లోపల వెంట్రుక కన్నా సన్నని వాసనతీగలు. మొదట వచ్చినప్పుడు అది పాసిన అన్నాన్ని, కారిన గ్యాసును పట్టేది. తరవాత ఒంట్లో జ్వరాన్ని పట్టింది. ఆ తరవాత చెమట చదవడం నేర్చుకుంది. మనిషిలో భయమో దాపరికమో ఉంటే చెమట వాసన మారుతుందట. అంతా బాగుంటే ఆకురంగు వెలుగు, ఎవరైనా ఏదైనా దాస్తుంటే పసుపు, తిండి పాడైతే ఎరుపు. ముప్ఫై ఏళ్ళలో ప్రతి గుమ్మానికీ, ప్రతి కొట్టుకీ, ప్రతి లిఫ్టుకీ అది వచ్చేసింది. దొంగతనాలు తగ్గాయి, తాళాలు పోయాయి. చుట్టాలు రావడమూ తగ్గిపోయింది. పెళ్ళిచూపుల్లో పిల్లని చూసేవారు కాదు, దీపాన్ని చూసేవారు. పురిటిపాపని ఎత్తుకొచ్చినా ముందు పైకి చూసి, తరవాతే పాపని చూసేవారు. ఇక కూర గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని చూడటమంటారా, అది మోటుతనమైపోయింది. దీపం ఉండగా ముక్కెందుకు?

దీపానికి పులిసిందీ కుళ్ళిందీ ఒకటే. రెండింటికీ ఎర్రగా మండేది. అలా దోసెల పిండి పులియబెట్టడం ఫ్యాక్టరీలకి పోయింది. ఇంట్లో చోడికల్లు, అదే రాగుల కల్లు, కాయడం మన్నెంలో కూడా పోయింది. చివరికి ప్రభుత్వానికే ఏం తోచిందో, పాత విద్యలు నిలబెట్టాలని ‘పులుపు అనుమతి’ అని ఒకటి పెట్టారు. అనుమతి ఉన్న ఇంట్లో దీపానికి తిండి చదివే తీగలు పడుకోబెడతారు. చెమట చదివేవి మాత్రం మేలుకునే ఉంటాయి. పాఠం గడప లోపలే, దీపం కిందే చెప్పాలి. నేర్చుకునేవాళ్ళలో ఒక్కరికి కడుపు చెడినా శుద్ధి శాఖ వాళ్ళు వచ్చి కుండా, తోడుబిళ్ళా పట్టుకుపోయి ఆవిరి పొయ్యిలో వేసేస్తారు.

గవరమ్మ భయమంతా ఆ తోడుబిళ్ళ గురించే. వరిపిండిలో అడవి వేళ్ళు నూరి కలిపి, ఎండబెట్టిన బూడిదరంగు బిళ్ళ అది. దాన్ని చిదిమి కలిపితేనే చోడిజావ కల్లవుతుంది. గవరమ్మ అత్తకి ఆవిడ అత్త ఇచ్చిన బిళ్ళ. దీపాలు వచ్చాక ముప్ఫై ఏళ్ళూ దాన్ని బూడిదలో దాచి, ఏటా ఒకసారి ఎవరూ నడవని మెట్ల మీదికి తీసుకెళ్ళి, కొత్త పిండి చేర్చి బతికించుకొచ్చింది. మెట్లకి దీపం లేదు మరి. ఇప్పుడు గవరమ్మకి డెబ్బై నాలుగు. మిగిలినవి రెండే రెండు బిళ్ళలు. తన తరవాత వాటిని పట్టుకునే చెయ్యి ఒకటి దొరకాలి. పాఠం పెట్టింది అందుకే.

వచ్చినవాళ్ళు నలుగురు. తొమ్మిదో అంతస్తు నూకరత్నం. వరస లేకపోయినా గవరమ్మని ‘అత్తా’ అనే మనిషి, నోరు మూత పడదు. కొత్తగా పెళ్ళయిన తవిటినాయుడు, అతని భార్య ఇందుమతి. నాలుగో మనిషి లోకనాథం, యాభై దాటినవాడు. పాలకొండ నుంచి వస్తానని చెప్పాడు, అంతకుమించి చెప్పలేదు.

అంతకుముందు, మొదటి పాఠం జరిగిన ఆదివారం, చోళ్ళు నానబెట్టడం, మొలకెత్తించడం చూపించింది గవరమ్మ. ఆ రోజు ఒక కట్టుబాటు కూడా చెప్పింది. అందరినీ గుండ్రంగా కింద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందూ అడ్డాకు దొన్నె పెట్టి, "మా కొండల్లో కల్లుకి కూకున్నప్పుడు తగువులుండవు. నమ్మకం పోయినోడి ముందు దొన్నె బోర్లించీడమే. ఎందుకూ అని వోడు అడక్కూడదు, ఎవులూ సెప్పకూడదు. లేసి ఎలిపోవాల" అంది.

"మరి మల్లా పిలవరా అత్తా?" అని నూకరత్నం అడిగింది.

"బోర్లించిన దొన్నె ముందు మల్లీ కూకోరు. నా ఎరుకలో ఒక్కడూ కూకోలేదు."

ఆ ఆదివారం లోకనాథం గడప దాటినప్పుడు దీపం ఒక్కసారి పసుపుగా మినుకుమని, మళ్ళీ ఆకురంగుకి తిరిగింది. అందరూ చూశారు.

గురువారం ఆయన చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"పన్నెండు అంతస్తులూ మెట్లెక్కీసినారేటండీ?" నూకరత్నం అడిగింది. "లిఫ్టు మీకేటి అపకారం సేసింది?"

"అలవాటండి" అన్నాడు లోకనాథం, తల దించుకుని.

నూకరత్నం ఇందుమతి వైపు వంగి, ఆయనకి వినబడేంత చిన్నగా, "అలవాటట! లిఫ్టుకి దీపవుంది, మెట్లకి లేదు. మనకి తెల్దనుకున్నాడు" అంది.

ముందే మొలకకట్టి, ఆరబెట్టి విసిరిన పిండిని గవరమ్మ చిక్కగా జావ కాచింది. మణికట్టు మీద చుక్క వేసుకుని చూపించింది. "ఒళ్ళంత ఎచ్చగా ఉండాల. కాలితే బిళ్ళ సచ్చిపోద్ది. ఇంద, నువ్వూ ఏసుకో." కుండ ఇంటికి పట్టుకెళ్ళి కడిగి తెస్తానని తవిటినాయుడు ఆదివారమే మాటిచ్చాడు. తళతళలాడించి తెచ్చాడు కూడా.

"మామ్మా, సూడు, కొత్తకుండ లాగ లేదూ?"

"బావుంది నాయుడా" అని గవరమ్మ కుండ అందరికీ తిప్పింది. "ఒకొక్కలూ ముక్కెట్టి సూడండి. నాను సెప్పను, మీరే సెప్పండి. అలాగే వొస్తాది ఇద్య."

నూకరత్నం ముక్కు పెట్టి "మట్టి" అంది. ఇందుమతికి ఏమీ తెలియలేదు, సిగ్గుపడింది. లోకనాథం కుండలో తల దూర్చి చాలాసేపు ఉండిపోయాడు. బయటికి తీసి, కుండ అంచు గోటితో గీరి, ఆ గోటిని వాసన చూశాడు. తరవాత గవరమ్మ కళ్ళలోకి చూసి, మెల్లగా అడిగాడు.

"అమ్మా, మీకు ఇందులో ఏ వాసనా రాలేదా?"

దీపం పసుపు వేసుకుంది. ఈసారి మినుకు కాదు. గోడల మీదా, కుండ మీదా, అందరి చేతుల మీదా పసుపు.

అందరి కళ్ళూ లోకనాథం మీదికి వెళ్ళాయి. ఆయన ఆ కళ్ళన్నీ చూసి, కుండ కింద పెట్టేశాడు. గవరమ్మ గబగబా జావ పోసి, బిళ్ళ చిదిమి చల్లి, మూతికి గుడ్డ కట్టేసింది. ఒక ముడి చాలేదానికి మూడు ముళ్ళు వేసింది. పెద్దావిడ కదా, జాగ్రత్త అనుకున్నారు.

ఆ మూడు రోజులూ నూకరత్నం నిద్రపోనివ్వలేదు ఎవరినీ. పాలకొండలో తన మేనకోడలికి ఫోను చేసింది. ఆ పేరు గల మనిషి ఉన్నాడు, వాళ్ళ వీధిలోనే. అయితే ఆయన ఇంటికి ఎవరూ వెళ్ళరట.

"ఎందుకో తెలుసా అత్తా? ఆడి గుమ్మానికి దీపం నేదు! పీకి పారేసినాడట. దీపం పీకినోడు ఎంత పని సేసుంటాడో సూసుకో."

"శుద్ధి శాఖ మడిసై ఉంటాడే" అంది గవరమ్మ. ఆవిడకి ఆ అనుమానం మొదటిరోజే తగులుకుంది. "ప్రతీదీ కాగితం మీద రాసుకుంతన్నాడు. కుండ గీరి సూసినాడు. ఆలకి దీపాలు లేకండా తిరగడానికి సెలవుంతాదేమో, ఎవులికి తెలుసు!"

"మరి బిళ్ళ?"

"అదే నా బెంగ. ఒక్కటే మిగిలింది."

బూడిద డబ్బాలోంచి ఆ ఒక్క బిళ్ళనీ తీసి, రవికెలో దోపుకుని తిరిగింది గవరమ్మ. మధ్యమధ్యలో తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, చుట్టూ చూసి, మళ్ళీ దోపుకునేది.

ఆదివారం వచ్చింది. కల్లు తీసే రోజు. లోకనాథం మెట్లెక్కే వచ్చాడు. ఆయన గడప దాటకముందే దీపం పసుపుగా ఉందని ఒక్క ఇందుమతే గమనించింది. కానీ కొత్త కోడలు, పెద్దవాళ్ళ మధ్య నోరు విప్పలేదు. గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో కుండ. ముందు దొన్నెలు. గవరమ్మ మూతిగుడ్డ విప్పింది.

"అమ్మా, ఒక్కసారి నన్ను చూడనివ్వండి" అని లోకనాథం ముందుకు వంగాడు.

"ఎందుకండీ అంత ఆత్రం?" నూకరత్నం అడ్డుపడింది. "నమూనా పట్టుకెళ్ళి ఎవులికిస్తారు?"

"నమూనా ఏమిటండీ?"

"మీ ఇంటికి దీపం నేదంట. నిజమా కాదా, ఆ ఒక్క ముక్కా సెప్పండి."

ఆయన ముఖం తెల్లబోయింది. "నిజమే" అన్నాడు.

గవరమ్మ చెయ్యి చాచి, ఆయన ముందున్న దొన్నెని తీసి, బోర్లించి, మళ్ళీ అక్కడే పెట్టింది. ఆకు నేలకి తగిలిన చప్పుడు కూడా వినబడింది.

లోకనాథం ఆ దొన్నెని చూశాడు. ఎందుకని అడగలేదు, కట్టుబాటు తెలుసు కదా. లేచి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని గడప దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. "ఆ కుండలోది మాత్రం ఎవరికీ పొయ్యకండమ్మా."

"సూసినావా, పోతా పోతా బెదిరింపు!" అంది నూకరత్నం.

ఆయన అడుగుల చప్పుడు మెట్ల మీద కిందికి దిగిపోయింది. నలుగురూ ఒక్కసారే తలలెత్తి దీపం వైపు చూశారు, ఆకురంగు కోసం.

దీపం పసుపుగానే ఉంది.

కాసేపు ఆగారు. గాలి మారాలేమో అని తవిటినాయుడు కిటికీ తీశాడు. కొండగాలి వచ్చింది, గుడ్డలు ఎగిరాయి. దీపం మారలేదు.

"మరి ఎవులూ?" అంది నూకరత్నం. ఆ మాట ఆవిడ నోట్లోంచి నవ్వుతాలుగా మొదలై, నవ్వు లేకుండా అయిపోయింది. తవిటినాయుడి కేసి చూసింది. "నాయుడా, కుండ మూడ్రోజులు నీ ఇంట్లో ఉంది."

"నానేటి సేసినాను పిన్నీ? శుబ్బరంగా కడిగినాను."

"మా ఆయన్ని అంటారేటండీ?" మొదటిసారి నోరు విప్పింది ఇందుమతి. "ఊరంతా ఫోన్లు సేసినోరు మీరు. ఏటి దాస్తే అన్ని ఫోన్లు సేస్తారు? ఇంకో మాట. ఆయన రాకముందునుంచే దీపం పసుపుంది. నా కళ్ళతో సూసినాను."

"అప్పుడే సెప్పవేటే!"

"సెప్తే ఇంతారేటి మీరు?"

తవిటినాయుడు భార్య వైపు ఒక్క క్షణం అనుమానంగా చూశాడు. ఆ చూపు ఇందుమతి చూసింది. పెళ్ళై నాలుగు నెలలు కాలేదు వాళ్ళకి.

గవరమ్మ చేతిలో గరిటె ఉంది. కుండలో ముంచింది, తీసింది. కల్లు తెల్లగా, చిక్కగా, చూడటానికి బాగానే ఉంది. పోసేస్తే పాఠం అయిపోతుంది. ఆవిడ గరిటెని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. దించింది. మళ్ళీ తెచ్చుకుంది. నూకరత్నం తన దొన్నె ముందుకు జరిపింది.

అప్పుడు గవరమ్మ గరిటె కుండలో వదిలేసి, తన ముందున్న సొంత దొన్నెని తీసి బోర్లించింది.

"అత్తా!"

"నానేనే నూకరత్నం. నాదే ఆ పసుపు." ఆవిడ తల ఎత్తలేదు. "సంవచ్చరం దాటింది, నా ముక్కు పోయి. జొరం ఒచ్చింది సూడు పోయినేడు, దాంతోటే ఎలిపోయింది. మల్లె నేదు, పేడ నేదు, ఏటీ నేదు. కల్లు కాసీదానికి ముక్కు పోతే ఇంకేటుంది? తెలిస్తే అనుమతి తీసీస్తారు, బిళ్ళ పట్టుకుపోతారని దాసినాను. అందుకే మీసేత వాసన సూయించినాను. ఆ బావు నన్నడిగినాడు సూడు, మీకేటీ రాలేదా అని, గుండె ఆగిపోయింది నాకు. కనిపెట్టీసినాడు అనుకున్నాను. నిజంగా కనిపెట్టినాడు కూడా. దొంగని నానయితే ఆడి దొన్నె బోర్లించినాను."

మాట పూర్తయ్యేసరికి గోడల మీద రంగు మారింది. దీపం మెల్లగా ఆకురంగుకి తిరిగింది. దాన్ని చూడటానికి మాత్రం ఆ గదిలో ఒక్కరూ తలెత్తలేదు.

దీపం చేసినవాళ్ళు అన్నీ ఆలోచించారు. వచ్చేవాడు దొంగ కావచ్చని, మోసగాడు కావచ్చని ఆలోచించారు. పిలిచిన మనిషే వచ్చినవాళ్ళని చూసి వణుకుతుందని వాళ్ళకి తట్టలేదు. పసుపు వెలిగితే అది పరాయివాడిదేనని మనకి మనమే నేర్చుకున్నాం.

కుండ సంగతి తేల్చాలి. నూకరత్నం ముక్కు పెట్టింది. ఇందుమతి పెట్టింది. తవిటినాయుడు పెట్టాడు. ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు. ఏదో వాసన ఉంది, కానీ అది మంచిదో చెడ్డదో చెప్పడం వాళ్ళలో ఎవరికీ రాదు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ చెప్పాల్సిన పని పడలేదు వాళ్ళకి.

"ఆయన్నే పిలవాల" అంది ఇందుమతి.

లోకనాథం ఏడో అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. దిగడానికి ఓపిక లేకనో, కుండ సంగతి తేలకుండా కాళ్ళు కదలకనో. నూకరత్నం గిన్నెలో కాస్త కల్లు పట్టుకుని ఆయన ముందు నిలబడింది. గిన్నె చాచింది, అంతే.

ఆయన వాసన చూశాడు. "సబ్బు. కుండని సబ్బుతో తోమారు. మట్టికుండ సబ్బు తాగేస్తుంది, ఎన్ని నీళ్ళు పోసినా వదలదు. పులవాల్సింది పులవలేదు, కింద మురిగింది. తాగితే వాంతులవుతాయి."

వెనకాలే వచ్చిన తవిటినాయుడు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "శుబ్బరంగా ఉంతాదని రెండుసార్లు తోమినానండీ!"

"మీకు ఇదంతా ఎలా తెలుసండీ?" ఇందుమతి అడిగింది.

"నాలుగేళ్ళ కిందట నా భార్య పోయింది" అన్నాడు లోకనాథం. "అప్పట్నుంచి మా దీపం మినుకుతూనే ఉండేది. ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నా పసుపే. బాగుచేసేవాళ్ళు వచ్చి, దీపంలో లోపం లేదు, మీరే ఏదో దాస్తున్నారన్నారు. ఏడుపు వాసన దానికి తెలియదు. వీధిలో పలకరింపులు ఆగిపోయాయి. పీకేశాను. అది లేకపోయేసరికి అన్నం నేనే వాసన చూసుకోవాల్సి వచ్చింది, పాలు నేనే చూసుకోవాల్సి వచ్చింది. అలా వచ్చింది. వాసన తెలిసినవాళ్ళు ఇంకొకరెవరైనా ఉంటారేమోనని మీ పాఠానికొచ్చాను."

పైనుంచి చప్పుడైంది. గవరమ్మ. ఆవిడ మెట్లు దిగి ఏడాది దాటింది. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టుకీ రెండు పాదాలూ ఆనించుకుంటూ, అయిదు అంతస్తులు దిగి వచ్చింది. వచ్చి ఆయన కింద మెట్టు మీద కూలబడింది. రవికెలోంచి బిళ్ళ తీసింది.

"బావూ, నన్ను తిట్టండి, తరవాత తిట్టండి. ముందిది సూడండి. ఏడాదై నా ముక్కుకి తెలట్లేదు. బతికుందో సచ్చిందో నాకు తెల్దు. సచ్చినదాన్ని దాస్తన్నానో ఏటో కూడా తెల్దు."

లోకనాథం బిళ్ళని రెండు చేతులతో అందుకున్నాడు. కళ్ళు మూసుకుని, దగ్గరగా పెట్టుకున్నాడు. అక్కడ దీపం లేదు, ఎవరి గుండెలో ఏముందో చెప్పడానికి ఏ వెలుగూ లేదు. ఆయన ముఖాన్నే చూశారు అందరూ.

"మాగిన అరటిపండు" అన్నాడు. "వెనకాల తడిసిన గడ్డి. బతికే ఉందమ్మా."

గవరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తరవాత పాఠం అక్కడే జరిగింది, ఏడో అంతస్తు మలుపులో, ప్రతి ఆదివారం. అనుమతి కాగితం ప్రకారం అది నేరం. గడప లోపల, దీపం కింద చెప్పాల్సిన పాఠం కదా. ఎవరూ బయటికి పొక్కనివ్వలేదు, ఫోన్ల నూకరత్నంతో సహా. ఆ ఒక్క బిళ్ళ లోకనాథం చేతిలో ఆరు బిళ్ళలైంది. రెండో కుండ కల్లు బాగా వచ్చింది. తాగి తవిటినాయుడు పాట కూడా పాడాడు, ఇందుమతి చెవులు మూసుకుంది.

ఒక్కటి మాత్రం మునుపటిలా కాలేదు. ప్రతి ఆదివారం పాఠం అయ్యాక గవరమ్మ అడిగేది. "పైకొచ్చి ఒక ముద్ద తిని ఎల్లండి బావూ." ఆయన నవ్వేవాడు. "ఏడు చాలమ్మా" అనేవాడు. పన్నెండెక్కిన మనిషి. ఆవిడ బతికిన మూడేళ్ళూ ఆయన ఆ గడప తొక్కలేదు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడే వారం వారం అయిదు అంతస్తులు దిగి వచ్చేది, ఎవరు పట్టుకోబోయినా చెయ్యి వదిలించుకుని.

ఇదర్రా కథ. గుర్తు పెట్టుకోండి. మీ పిల్లలకి చెప్పేటప్పుడు దీపం అబద్ధమాడిందని చెప్పకండి, అది ఆడలేదు. గవరమ్మ చెడ్డదనీ చెప్పకండి. ఆవిడ దిగిన అంతస్తులు ఎన్నో లెక్కతప్పకుండా చెప్పండి. బిళ్ళ వాసన ఏమిటో కూడా చెప్పండి, మాగిన అరటిపండు, వెనకాల తడిసిన గడ్డి. మీరు చెబితేగాని వాళ్ళకి తెలియదు.